ప్రెసిడెంటు గారి లిఫ్టు

అక్టోబరు 14

నేను ప్రెసిడెంటునయ్యాను! డెబ్బై ఆరేళ్ల వయసులో, స్పెయిన్‌లో, ఇక్కడికొచ్చి రెండు నెలలైనా నిండకుండా!

అక్షరాలు వంకరపోతున్నాయి. పోతే పోనీ. ఈ బిల్డింగు మొత్తానికి, కింది వాటా నుంచి పై డాబా దాకా, గుస్తాఫ్ అనే నేనే ప్రెసిడెంటుని. ఎనిమిదో క్లాసుతో బడి మానేసి, బెల్జియంలో, మా ఆల్స్ట్ ఊళ్లో, ముప్పై ఏళ్లు బేకరీ వ్యాను నడిపినవాణ్ణి. పావురాల క్లబ్బులో తల నెరిసేదాకా ఉన్నా నన్ను ట్రెజరర్ని కూడా చేయలేదు. ఎందుకు చేస్తారు? ఆ క్లబ్బుకి ప్రెసిడెంటు మా బావమరిది మార్సెల్.

సాయంత్రం మెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఓనర్ల మీటింగు పెట్టారు. వచ్చే ఏడాదికి ప్రెసిడెంటు ఎవరు అనగానే అందరూ తలలు దించుకున్నారు. మొదటి అంతస్తు పళ్ల డాక్టరు బాల్దొమేరో గారు సీలింగు వంక చూస్తూ కూర్చున్నారు. ఎంత వినయం! పదవిని పక్కవాడికి వదిలేసే మనుషుల్ని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అప్పుడు బిల్డింగు వ్యవహారాలు చూసే ఆవిడ కాగితం తీసి "మూడో అంతస్తు, ఎడమ వైపు" అంది. నా ఫ్లాటే! లేచి నిలబడ్డాను. ఒకటే చప్పట్లు. డాక్టరు గారైతే నన్ను కావలించుకుని వదల్లేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెంటనే మా అమ్మాయి గ్రీట్‌కి ఫోన్ చేశాను. "నాన్నా, ఏమైనా సంతకం పెట్టావా?" అని అడిగింది. పెట్టానన్నాను. ఏ కాగితం మీద, ఎందుకు అని రెండుసార్లు అడిగింది. పిచ్చిపిల్ల, సంతోషంతో వివరాలన్నీ కావాలట.

మార్సెల్‌కి కూడా చేశాను. "బావా, నిన్ను ప్రెసిడెంటుని చేశారంటే ఆ బిల్డింగులో మనుషులెవరూ లేరన్నమాట" అన్నాడు. కడుపుమంట. ఆ మంట ఇక్కడిదాకా తగిలింది, హాయిగా ఉంది.

అక్టోబరు 15

ఆనందంతో నిద్ర పట్టలేదు.

అక్టోబరు 23

నా సలహా లేకుండా ఈ బిల్డింగులో చీమ కూడా కదలడం లేదు. పొద్దున కాఫీ పెట్టుకునేలోపే కాలింగ్ బెల్లు. మెట్ల మీద బల్బు పోయింది ప్రెసిడెంటు గారూ. పైవాళ్ల వాషింగ్ మిషను నీళ్లు మా గోడలోకి దిగుతున్నాయి ప్రెసిడెంటు గారూ. ఎదురింటి కుక్క నన్నే చూసి మొరుగుతోంది ప్రెసిడెంటు గారూ. బల్బు నేనే మార్చాను. గోడ చూశాను. కుక్కతో కూడా మాట్లాడాను.

మనిషిని గౌరవించడం వీళ్ల దగ్గర నేర్చుకోవాలి.

నవంబరు 3

ఒక విషయం ఇన్నాళ్లూ రాయలేదు. రాస్తే నిజమైపోతుందని. మా లిఫ్టు పనిచేయదు.

నేను కొనేటప్పటికే పనిచేయడం లేదు. మూడేళ్లుగా ఒకటో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య వేలాడుతోంది. వచ్చే వారం బాగవుతుందని బ్రోకరు చెప్పాడు. బాల్కనీలోంచి సముద్రం చూపిస్తూ చెప్పాడు. ఆ నీలిరంగు చూస్తూ నిలబడ్డవాడికి ఏం చెప్పినా నిజంలాగే ఉంటుంది.

గ్రీట్‌కి చెప్పలేదు. అది నాకు ఒక్క ఏడాది గడువిచ్చింది. "ఏడాది తర్వాత వచ్చి చూస్తాను నాన్నా. నీ అంతట నువ్వు ఉండగలిగితే ఉండు. లేకపోతే ఫ్లాటు అమ్మేసి మా ఇంటికి ఎదురుగా ఉన్న వృద్ధుల హోమ్‌లో గది తీసుకుందాం" అంది. ఆ గది కిటికీలోంచి సూపర్ మార్కెట్ గోడౌన్ కనిపిస్తుంది. మోకాళ్లు పట్టుకుని మూడంతస్తులు ఎక్కే నన్ను అది ఒక్కసారి చూసిందంటే చాలు, నా పెట్టె అదే సర్దేస్తుంది.

ఇవాళ నాలుగో అంతస్తుకి మంచినీళ్ల సీసాలు తీసుకెళ్లాను. అక్కడ అంపారో గారు ఒంటరిగా ఉంటారు, నాకంటే పెద్దావిడ. లిఫ్టు ఆగిన రోజు నుంచి ఆవిడ మెట్లు దిగి వీధిలోకి రాలేదు. బాల్కనీ నుంచి తాడుకి బుట్ట కట్టి దించితే, చేపలవాడు చేపలూ కొట్టువాడు కూరలూ వేస్తారు. ప్రెసిడెంటుగా ఎన్నికైన సంగతి ఆవిడకి వివరంగా చెప్పాను. చప్పట్ల సంగతి కూడా వదల్లేదు.

ఆవిడ నవ్వి నవ్వి దగ్గి, సోఫాలో పడిపోయారు. "ఎన్నికా? ఎవరు ఎన్నుకున్నారు నాయనా? అది వంతు! ఏడాదికొక గడప. రోగం వంతులవారీగా పంచుకున్నట్టు. మూడో అంతస్తు ఎడమ ఫ్లాటు ఖాళీ, నేనా దిగలేను, కాబట్టి ఈసారి తనదనుకుని డాక్టరు వారం రోజులు నిద్రపోలేదు. నువ్వొచ్చి ఆ ఫ్లాటు కొన్నావు, వంతు నీ మీద పడింది. అందుకే ఏడ్చాడు" అన్నారు.

నేనూ నవ్వాను. మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుని దిగాను.

నవంబరు 4

మార్సెల్‌కి తెలియకూడదు.

నవంబరు 20

వంతైతే ఏం? కొడుకు పుట్టడం కూడా మన గొప్పేం కాదు, పెంచడంలో కదా ఉంది! నాకు కొడుకు లేడు. అయినా పోలిక బాగుంది, ఉండనీ.

లిఫ్టు ఎందుకు బాగుపడదని గడప గడపకీ వెళ్లి అడిగాను. అందరిదీ ఒకటే జవాబు: విసెంత్ తన వాటా డబ్బు ఇస్తే మేమూ ఇస్తాం. విసెంత్ అంటే కింది వాటా ఆయన. ఓడరేవులో పనిచేసి రిటైరయ్యాడు. తలుపు తీసి, లోపలికి రమ్మనకుండానే మొదలుపెట్టాడు: "ప్రెసిడెంటూ, నేనుండేది నేల మీద. నాకు లిఫ్టెందుకు? నన్ను మంచం ఎక్కించడానికా?"

తిరిగి వచ్చేద్దామనుకున్నాను. అప్పుడు వినిపించింది. గుటర్ గుటర్.

అతని ఇంటి వెనక ఇరుకు పెరట్లో పావురాలు! ఎన్నో! రెక్కలకి రంగులేశాడు: ఎరుపు, పసుపు, పచ్చ, మా ఊరి కార్నివాల్ పండగలో వేషాలేసిన మనుషుల్లాగా. ఇద్దరం చీకటిపడేదాకా అక్కడే ఉన్నాం. వీళ్ల పోటీ వేరు. ఒక ఆడపావురాన్ని వదిలి దాని వెనక మగవాటినన్నిటినీ వదులుతారు. చివరిదాకా దాని పక్కన నిలబడగలిగింది గెలుస్తుంది. మా ఊళ్లో అలా కాదు, ఎంత దూరం తీసుకెళ్లి వదిలినా వేగంగా ఇంటికి చేరిందే గెలుస్తుందని చెప్పాను. విసెంత్ జాలిగా చూశాడు. "ఇంటికి పోవడం కూడా ఒక పోటీయేనా? మరి మీరెప్పుడు పోతున్నారు?" అన్నాడు.

లిఫ్టు సంగతి మర్చిపోయి వచ్చాను.

డిసెంబరు 6

సెయింట్ నికోలస్ పండగ. గ్రీట్ దాల్చినచెక్క బిస్కెట్లు పంపింది. ఫోన్లో మనవలు పాట పాడారు. తర్వాత గ్రీట్, "మీ బిల్డింగులో లిఫ్టు ఉందిగా నాన్నా?" అని అడిగింది.

ఉందన్నాను. అబద్ధమేం కాదు. ఉంది. ఎక్కడికీ వెళ్లదు కూడా.

జనవరి 16

విసెంత్ పావురాలు చలికి ముడుచుకుపోతున్నాయి. ఆ పెరట్లోకి ఎండ రాదు. పై డాబా మీద గూళ్లు కట్టుకుంటానని అతను ఎన్నో ఏళ్లుగా అడుగుతుంటే, కుదరదు పొమ్మన్నారట. నా ప్రాణం ఊరుకోలేదు. ప్రెసిడెంటుగా అర్జెంటు మీటింగు పిలిచాను.

మీటింగు త్వరగా ముగిసింది. పెరటి వాసన కిటికీల్లోంచి వస్తోందని డాక్టరు గారు ఇన్నాళ్లూ గొణుగుతున్నారట, పావురాలు పైకి పోతున్నాయనగానే ఆయనదే మొదటి చెయ్యి. బట్టలు ఆరేసుకునే ఆడవాళ్లు మాత్రం తీగలకి ఈ చివర, గూళ్లకి ఆ చివర అని షరతు పెట్టారు. అంపారో గారు పై నుంచి బుట్టలో చీటీ పంపారు: నా నెత్తిమీద డాన్సు చెయ్యకపోతే ఒప్పుకుంటాను.

విసెంత్ నన్ను ముద్దుపెట్టుకున్నాడు. ఈసారి కారణం నాకు తెలుసు.

జనవరి 29

గూళ్లు చాలా బాగా వచ్చాయి. మేకులు నేనూ కొట్టాను. మొదటి రోజు విసెంత్ గింజల బస్తా భుజాన వేసుకుని, పాడుకుంటూ ఐదంతస్తులూ ఎక్కాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కాలి.

ఫిబ్రవరి 4

పాట రెండో అంతస్తులో ఆగిపోయింది.

ఫిబ్రవరి 11

విసెంత్ ఇవాళ మా గుమ్మం ముందు బస్తా దించి, దాని మీదే కూర్చుని నీళ్లడిగాడు. ముఖం ఉడికిన పీతలా ఉంది. నీళ్లు తాగి, ఊపిరి పీల్చుకుని, నా మీద విరుచుకుపడ్డాడు: "ఏమయ్యా ప్రెసిడెంటూ, ఈ బిల్డింగులో ఉండేది మనుషులా, మేకలా? ముసలివాళ్లున్నారు, జబ్బులవాళ్లున్నారు! మూడేళ్ల నుంచి లిఫ్టు పాడైపోతే పట్టించుకునే నాథుడే లేడు! నువ్వేం చేస్తున్నట్టు?"

సిగ్గుపడుతున్నట్టు తల దించుకున్నాను. నవ్వు కనబడకూడదుగా.

సాయంత్రం అతనే గడప గడపకీ తిరిగి అందరి చేతా ఊ అనిపించాడు. డాక్టరు గారు నన్ను మెట్ల దగ్గర పట్టుకుని, "ఇదంతా ముందే ఆలోచించే పావురాల్ని పైకెక్కించారా?" అని మెల్లగా అడిగారు. ప్రెసిడెంట్లు అలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పరు.

(పావురాల మీద ఒట్టు, నేనేం ఆలోచించలేదు. పాపం చలికి వణుకుతున్నాయని, అంతే.)

మార్చి 28

లిఫ్టు వచ్చింది! పైకెళ్లింది! కిందికొచ్చింది! నేను మూడుసార్లు ఊరికే తిరిగాను. లోపల అద్దం కూడా ఉంది, అందులో ప్రెసిడెంటు కనిపిస్తున్నాడు.

మొదటి ప్రయాణం అంపారో గారిది. నల్ల సిల్కు గౌను, ముత్యాల దండ, చేతిలో పర్సు. బిల్డింగంతా కింద నిలబడి చప్పట్లు కొట్టింది. నేను చెయ్యి అందించి, "సముద్రం దగ్గరికేనా?" అన్నాను.

"సముద్రం ఎక్కడికి పోతుంది? ముందు చేపలవాడి దగ్గరికి పద" అన్నారు.

మూడేళ్లు దాచుకున్న తిట్లవి. ఆవిడ కొట్టు ముందు నిలబడి, "ఏరా, పైనున్నదానికి కళ్లు కనబడవనుకున్నావా? నిన్నటి చేపలన్నీ నా బుట్టలో వేశావు కదరా! తాడు నాలుగంతస్తులు ఎక్కేలోపు కంపు నాకంటే ముందు దేవుడికి తగిలేది!" అని మొదలుపెట్టారు. బజారంతా ఆగి చూసింది. చేపలవాడు చేతులు జోడించి, ఆ పూట వలలో పడ్డవాటిలోంచి ఎర్రరొయ్యలు ఏరి ఇచ్చాడు. తర్వాత ఆవిడ సముద్రం ఒడ్డున బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. నేను రొయ్యల పొట్లం పట్టుకుని పక్కన కూర్చున్నాను.

జూలై 9

అయిపోయింది. మార్సెల్‌కి తెలిసిపోయింది. వాడి పావురాల స్నేహితుడెవరికో ఈ తీరంలోనే ఫ్లాటు ఉందట. ఫోన్ ఎత్తగానే మొదలు: "బావా! పదవి కాదట కదా, వంతట కదా! చెత్తడబ్బా బయట పెట్టే వంతు లాంటిదట! ఇక్కడ కాఫీ హోటల్లో అందరికీ చెప్పాను, నవ్వలేక చచ్చారు." మా క్లబ్బులో ప్రెసిడెంటుని ఓట్లేసి ఎన్నుకుంటారని కూడా గుర్తుచేశాడు. వాడి మీద ఎవరూ నిలబడరు, ఆ సంగతి చెప్పడు.

రోజంతా బెల్లు మోగినా తలుపు తీయలేదు. సాయంత్రం మాత్రం తీశాను. కుక్క విషయం.

అక్టోబరు 12

గ్రీట్ వచ్చింది. లిఫ్టులోనే పైకొచ్చింది! ఫ్రిజ్ తెరిచి చూసింది, మందుల డబ్బా చూసింది, నా బూట్ల అడుగు కూడా చూసింది. చూసినవన్నీ చిన్న పుస్తకంలో రాసుకుంది. ఆ రాసుకోవడమే భయం. ఎల్లుండి మీటింగుకి తనూ వస్తానంది. నా వంతు ఆ రోజుతో సరి. అప్పుడిక నేను మూడో అంతస్తు ఎడమ వైపు ముసలాయన్ని, అంతే.

అక్టోబరు 14

అక్షరాలు వంకరపోతున్నాయి, మళ్లీ.

"వచ్చే వంతు నాలుగో అంతస్తు" అని బిల్డింగు వ్యవహారాలు చూసే ఆవిడ కాగితం చదవబోతే అంపారో గారు కర్రతో నేల మీద కొట్టారు. "వంతూ లేదు, గింతూ లేదు. ఈయనే ఉండాలి." వెంటనే డాక్టరు గారు లేచి, గొంతు సవరించుకుని, తనకూ ప్రెసిడెంటు కావాలని ఉందన్నారు! కావాలని! ఈ బిల్డింగు పుట్టాక అడిగి నిలబడ్డ మొదటి మనిషి ఆయనే. కాబట్టి చేతులెత్తి లెక్కపెట్టాల్సి వచ్చింది. విసెంత్ రెండు చేతులూ ఎత్తితే ఒకటి దించమన్నారు. డాక్టరు గారికి పడింది ఒకటే ఓటు, ఆయనదే. వాళ్లావిడ చెయ్యి నా వైపు లేచింది.

లిఫ్టులో గ్రీట్ అద్దంలో నన్నే చూస్తూ, "ఆ హోమ్ వాళ్లకి గది వద్దని రేపు ఫోన్ చేస్తాను నాన్నా" అంది. మూడో అంతస్తు వచ్చినా ఇద్దరం దిగలేదు. పావురాల దాకా వెళ్లాం.

చెప్పాల్సినవాళ్లు:

గోడెలీవ్ అక్క. చెవుడు కాబట్టి రెండుసార్లు చెప్పాలి. వినబడినా రెండుసార్లు.

తమ్ముడు ఫిర్మిన్, వాడి భార్య, ఆవిడ చెల్లెలు.

ఆంట్‌వెర్ప్‌లో ఉన్న పెత్తండ్రి కొడుకు. గ్రీట్ పెళ్లి నుంచి మాటల్లేవు. ఇప్పుడు మాట్లాడొచ్చు.

గ్రీట్ అత్తగారు. "పోటీ మీద" అన్న మాట వదలకూడదు.

మనవలు. స్కూల్లో కూడా చెప్పమనాలి.

నా భార్య రోసాలీ. పోయి తొమ్మిదేళ్లయింది. బాల్కనీలో నిలబడి ఇందాకే చెప్పాను.

మార్సెల్. వాడికి నేను చెప్పను. కాఫీ హోటల్లో నలుగురి నోటా విని, వాడే ఫోన్ చెయ్యాలి. నేను ఎత్తను. ప్రెసిడెంటు గారు మీటింగులో ఉన్నారని అంపారో గారు చెప్తారు.