నర్సింహకు గోలీలు ఇచ్చింది ఎవరు

మైలార్‌దేవ్‌పల్లి,
ఆదివారం, 2012

పెద్దక్కకు, తమ్ముడు శ్రీశైలం దండం పెట్టి రాస్తున్నది.

అక్కా, నువ్వు, బావ, పిల్లలు బాగున్నారా? బాపు మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, నా గురించి రంది పెట్టుకోకు. ఫోన్‌లో చెబుదామంటే కోపంలో సగం మరిచిపోతాను. అందుకే రాస్తున్నాను. చదివి పక్కన పెట్టేయకు. నర్సింహ ఇంటికి పోయి, సుజాతను కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించు. మా మేస్త్రి ఆమెకు ఫోన్ చేసి, నీ మొగడు మత్తు గోలీలకు మరిగి పానం మీదికి తెచ్చుకున్నాడని చెప్పాడట. అట్లాంటివాడు నా గడప తొక్కొద్దని ఆమె ఏడ్చిందట. బుధవారం దవాఖాన నుంచి పంపిస్తారు. ఇల్లు కూడా వద్దంటే ఆ మనిషి ఎక్కడికి పోవాలి?

అసలు జరిగింది చెబుతాను. మేం పొద్దున్నే ఆరాంఘర్ దగ్గర ఆటో ఎక్కి, శంషాబాద్ దాటి, విమానాశ్రయం రోడ్డు పక్కనున్న గోదాంకు పోతాం. లారీల్లో వచ్చిన పెట్టెలు దించడం, విమానానికి పోయేవి ఎక్కించడం మా పని. పైన రేకులు, కింద సిమెంటు, ఎండాకాలం లోపల ఉడికిపోతాం. పెట్టెలు తోసే బండికి చక్రం విరిగి ఎన్ని నెలలైందో! బాగు చేయించమంటే ఒక్కడూ వినడు. నలుగురు పట్టాల్సిన పెట్టెను నర్సింహతో, మాతో పనిచేసే యాదయ్యతో ఎత్తించారు. అప్పుడే నర్సింహ నడుం పట్టేసింది.

మర్నాడు సెలవు అడిగితే, ఇంట్లో పడుకుంటే నీ జాగాలో ఇంకొకడు వస్తాడన్నాడు మేస్త్రి. టేబుల్ సొరుగు తీసి ఒక గోలీ చేతిలో పెట్టాడు. అది వేసుకోగానే నర్సింహ లేచి మళ్లీ పెట్టెలు మోశాడు. ఆ రోజు నుంచి ఇగ అదే ఆనవాయితీ అయిపోయింది. పది గంటలకు చాయ్ వస్తుంది, చాయ్‌తో పాటు నొప్పి ఉన్నవాళ్లకు గోలీ వస్తుంది. మందుల చీటీ లేదు, డాక్టర్ లేడు, మేస్త్రే డాక్టర్! నేనూ రెండు రోజులు మింగాను. తల తిరిగి వాంతి అయితే మానేశాను. నర్సింహకు మాత్రం ఒకటి చాలక రెండు, రెండు చాలక నాలుగు అయ్యాయి. వేసుకోకపోతే చెమటలు, వణుకు. దవాఖానకు పోతానని బతిమాలితే మేస్త్రి ఏమన్నాడో తెలుసా? నడుస్తున్నావు కదా, దవాఖాన ఎందుకన్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మొన్న గురువారం అన్నం తిని పెట్టెల వెనక పడుకున్నాడు. గట్టిగా గురక పెడుతుంటే నిద్ర పట్టిందనుకున్నాం. లారీ వచ్చిందని లేపబోతే లేవలేదు. పెదవులు నీలంగా మారాయి. మొహం మీద నీళ్లు కొట్టండి, అంబులెన్స్ వస్తే గోదాం పేరు బయటికి పోతుందన్నాడు మేస్త్రి. వాడి మాట వినలేదు, నేనే 108కి ఫోన్ చేశాను.

దవాఖానలో విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చి బతికించారు. ఆ గోలీలు నల్లమందు జాతివట. ఎక్కువైతే ఊపిరే ఆగిపోతుందని, అట్లాంటి గురక నిద్ర కాదని, మనిషి లేవకపోతే క్షణం ఆగకుండా ఫోన్ చేయాలని డాక్టరమ్మ చెప్పింది. ఒక్కసారిగా మాన్పించినా కష్టమేనట, మెల్లమెల్లగా తగ్గిస్తామంది. ఇవి పని చేయించేవాళ్లకు తెలియాలా, వద్దా? పెట్టె మీద ‘జాగ్రత్తగా ఎత్తండి’ అని రాస్తారు, మనిషి గురించి ఎవడికీ పట్టదు.

శుక్రవారం యాదయ్యా నేనూ గోదాం ఓనరు సేటు దగ్గరికి పోయాం. సొరుగులో గోలీలు తీసేయమన్నాం, బండి బాగు చేయించమన్నాం, నొప్పి ఉన్నవాడిని పనిలోంచి తీసేయకుండా తేలిక పని ఇచ్చి డాక్టర్‌కు చూపించమన్నాం. నయమయ్యాక నర్సింహను మళ్లీ తీసుకోమన్నాం. అన్ని గోదాముల్లో ఇస్తారు, దయతోనే ఇచ్చామన్నాడు సేటు. నాకు ఆగలేదు.

“ఆయన పనికి వచ్చిననాడు నడుం మంచిగనే ఉండె సేటూ. దయ ఉంటే నొప్పి అన్ననాడే దవాఖానకు తోలాలె. గోలీ ఇచ్చి పెట్టె ఎత్తిచ్చుడు దయ గాదు.”

రేపటి నుంచి నన్ను రావొద్దన్నాడు. పోతే పోయింది, ఇంకో పని చూసుకుంటాను, బాపుకు మాత్రం ఇప్పుడే చెప్పకు. సుజాత వచ్చేటప్పుడు తెల్లకార్డు తెమ్మను, దవాఖానలో అడుగుతున్నారు.

ఇంకొక్క మాట ఉంది అక్కా, దాటేయకుండా చదువు. ఆ మధ్యాహ్నం యాదయ్య, జర లేపుదామా అని అడిగాడు. “లేపకు, ఎన్ని దినాలకో నిద్ర పట్టింది పాపం” అన్నది నేనే. నా తువ్వాల మడిచి తల కింద పెట్టింది కూడా నేనే. తిట్టాలనుకుంటే సుజాతను నన్ను తిట్టమను, పడతాను. నర్సింహను మాత్రం ఇంటికి రానియ్యమను.

అమ్మకు, బాపుకు, బావకు నా దండాలు. నీ దీవెన నా మీద ఉంచు.

నీ తమ్ముడు,
శ్రీశైలం