వండినవి కాదు, తిన్నవి రాయి

లకెంబా, సిడ్నీ
మంగళవారం

సువర్ణకు,

నాకు ఒంట్లో బాగానే ఉంది, చదువు సాగుతోంది. నీకు రక్తం ఎనిమిది పాయింట్లే ఉందని మీ తమ్ముడు రాసినప్పటి నుంచి మాత్రం మనసు మనసులో లేదు.

నిన్న యూనివర్సిటీ పని మీద ఇక్కడి రోహింగ్యా ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాను. ముందురోజు ఏమేం తిన్నారో అడిగి రాసుకోవాలి. సెనువారా అనే ఆమెకు నీలాగే ఆరో నెల. బర్మా నుంచి పారిపోయి ఏళ్లపాటు శరణార్థుల శిబిరంలో ఉండి వచ్చిన మనిషి. అన్నం, చేపల కూర, పప్పు, గుడ్లు అని చెప్పింది. సంతోషంగా రాసుకున్నాను. మా మాటలు ఒకరివి ఒకరికి వాళ్ల భాషలోకి మార్చి చెబుతున్న ఆమె ఆడపడుచు నవ్వింది.

"అవన్నీ వండినవి బాబూ. తను తిన్నదేమిటో అడుగు."

సెనువారా తల దించుకుంది. "అందరూ తిన్నాక మిగిలిన అన్నం, ఉప్పు, పచ్చిమిరపకాయ. శిబిరంలో అలా అలవాటైపోయింది."

రాసిందంతా కొట్టేసి మళ్లీ రాశాను. గదికొచ్చి నీ ఉత్తరాలు తీసి చూశాను. ప్రతిదాంట్లో ఏం వండావో ఉంది. నువ్వేం తిన్నావో ఒక్కదాంట్లోనూ లేదు.

ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా? అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు ఎవరు తింటున్నారు? ఈ వారం రోజూ నువ్వు తిన్నవి మాత్రమే రాసి పంపు.

ఈ కార్డు అమ్మ కూడా చదువుతుంది. చదవాలనే కవరులో పెట్టలేదు. అమ్మా, సువర్ణను ముందు కూర్చోబెట్టి వడ్డించు. నువ్వూ పక్కనే కూర్చుని తిను. మీ ఇద్దరి కోసం ప్రార్థిస్తున్నాను.

ఎబెన్