పోల్చి చూడటానికి ఒక మనిషి

ఫిబ్రవరి 9

హైదరాబాదు నుంచి సైంటిస్టు వచ్చింది. చిన్న వయసే, అందరూ మేడం అంటున్నారు. ఎక్కువ కాలం బతికేవాళ్ళ ఒంట్లో ఏ జన్యువులున్నాయో వెతుకుతుందట. అత్తయ్యకు తొంభై ఆరు. అత్తయ్య రక్తం, ఆయన రక్తం తీసుకుంది. నేనూ చెయ్యి చాపాను.

"మీది అక్కర్లేదండీ. మీరు బయటి నుంచి వచ్చినవాళ్ళు కదా."

వచ్చి ముప్ఫై ఏళ్ళు. చెయ్యి వెనక్కి తీసుకుని కాఫీలు పెట్టాను.

ఫిబ్రవరి 10

ఆయన టీకొట్టు దగ్గర ఊరందరికీ చెప్పొచ్చారు. అత్తయ్య మంచం మీంచే — "మన రక్తం గట్టిదిరా."

పళ్ళు లేని ఆ నోటికి కారం తగలకుండా పప్పు విడిగా తీసి, అన్నం మెత్తగా పిసికి పెట్టేది ఏ జన్యువో... మేడం అడగలేదు.

ఫిబ్రవరి 17

గుంటూరు వెళ్ళొచ్చాను. "ఇంకా ఆగితే నడక కష్టమమ్మా" — మోకాళ్ళ డాక్టరు. మార్చి 12న ఆపరేషన్. తర్వాత రెండు నెలలు బరువులెత్తకూడదు. అంటే అత్తయ్యను లేపి కూర్చోబెట్టకూడదు. ఆ రెండు నెలలూ అత్తయ్య పొన్నూరులో తన కూతురి దగ్గర ఉంటుంది. సుజాత ఎప్పుడో ఒప్పుకుంది.

ఫిబ్రవరి 26

సుజాత ఫోను. "వదినా, అమ్మను కదిలించకూడదంటగా? ఇల్లు, తిండి మారితే పరిశోధన పాడైపోద్దని సైంటిస్టులే చెప్పారంట. అన్నయ్య చెప్పాడు. నాదేముంది, నేను రెడీనే..."

ఆ గొంతులో ఎంత హాయి!

ఆయన కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నారు. అడిగితే తలెత్తలేదు. "కాయ అమ్మాక చూద్దాంలే. మోకాలు ఎక్కడికి పోద్ది?"

మార్చి 2

ఆపరేషన్ వాయిదా వేయమని ఆయనే ఆసుపత్రికి చెప్పేశారు.

మార్చి 5

మేడం ఫోను, ఈసారి నాకే. ఇప్పుడు నా రక్తం కావాలట. అదే ఇల్లు, అదే తిండి, ఆ రక్తం కాని మనిషి — పోల్చి చూడటానికి. "మామూలుగా ముసలితనం వచ్చేవాళ్ళు కూడా కావాలండీ."

మా అమ్మ యాభై నాలుగుకే పోయిందన్నాను. "రాసుకుంటానండీ, చాలా ముఖ్యం."

పెట్టేసే ముందు అడిగాను — అత్తయ్యను పొన్నూరు పంపకూడదా?

"అలా ఎవరన్నారండీ? ఆవిడ ఎక్కడుంటే అక్కడికే వస్తాం. మీ వారూ ఇదే అడిగారు. ఆయనకూ ఇదే చెప్పాను."

ఆయనకూ ఇదే చెప్పింది.

మార్చి 6

రేపు పొద్దున్నే నా రక్తానికి మనిషి వస్తాడు. మేడం పంపిన కాగితం మీద నేను ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలి. అది లేకపోతే మా ఇల్లు పరిశోధనలోకి రాదట. ఆయన నా వెనకే తిరుగుతున్నారు. "ఒక్క సంతకమేగా. ఊళ్ళో అందరికీ చెప్పుకున్నానే!"

ఆసుపత్రికి నేనే ఫోను చేశాను. పన్నెండో తేదీ ఇంకా ఎవరికీ ఇవ్వలేదట, నాకే ఉంచమన్నాను. సుజాతకూ చేశాను. "రెడీ అన్నావుగా, రేపు సాయంత్రం తీసుకొస్తున్నాం." అని పెట్టేశాను.

అత్తయ్య చీరలు, మందులు, మెత్తటి తువ్వాలు సంచిలో సర్ది గుమ్మం పక్కన పెట్టాను.

"ఎక్కడికే?"

"మీ అమ్మాయి దగ్గరికి."

"నన్నెవరడిగారు?"

మందుల చీటీ కూడా సంచిలో పెట్టాను.

ఆయన పెన్ను మూత తీసి చేతికిచ్చారు. ముందు రేపు సాయంత్రానికి కారు మాట్లాడండి అన్నాను. సంచి వంక చూశారు, కాగితం వంక చూశారు... ఫోను ఇంకా జేబులోనే ఉంది.