నాన్న కుడిచేతికి కాఫీ మర

చెల్లీ,

నాన్నకి చేత్తో తిప్పే కాఫీ మర పంపుతున్నాను. పక్షవాతంతో పడిపోయిన కుడిచేతికి డాక్టరు చెప్పిన వ్యాయామం చేయమంటే, "ఇవేం పిల్లాటలే నాకు?" అని కసురుకుంటున్నారు కదా. కాఫీ మాత్రం మానలేరు. దుకాణంలో నాలుగైదు మరలు తిప్పి చూసి, ఎడమ పిడికిట్లో ఇమిడేది, కుడిచేత్తో తిప్పడానికి పిడి పొడుగ్గా ఉన్నది ఎంచాను. దాంతోపాటు పంపే కాఫీ గింజలు బాగా వేగినవి, తేలిగ్గా నలుగుతాయి. మొదట్లో బరక పొడి చాలు. ఆయన ఎంతసేపు తిప్పినా నువ్వూ అమ్మా చెయ్యి వేయకండి.

"కత్తెర ఎవరికైనా ఇచ్చేయండి, నా కుట్టుపని అయిపోయింది" అన్నారట నాన్న. ఇవ్వకండి. మనింట్లో మొదట బడికి వెళ్ళింది నేను. నా బడి బట్టలన్నీ కుట్టింది ఆ చెయ్యే. దాన్ని వదిలిపెట్టను.

ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించకు. డబ్బాలో ఉన్న పొడి పక్కింటికి ఇచ్చేసి, ఇంట్లో గింజలే ఉన్నాయని చెప్పు.

అక్క