ఎర్ర హుడీ

సునందా,

చెరువు పక్కన నడుస్తున్న నిన్ను ఎవడో పొడిచి చంపి ఇవాళ్టికి ఏడాది. అమెరికాలో మన ఊరు పార్సిప్పనీ ఏమీ మారలేదు. నీ సంవత్సరీకంలోనే లలితగారు, "చీకటి పడేవేళ ఒక్కతే వాకింగేంటండీ? అందరి కళ్లూ పడేలా ఆ ఎర్ర హుడీ ఒకటి!" అన్నారు.

"పొడిచినవాడు ఏం వేసుకున్నాడో ఎప్పుడైనా అడిగారా?" అన్నాను.

"మీతో ఏం మాట్లాడినా గొడవేనండీ," అంటూ నాకింకో గారె వడ్డించారు.

నీ అంత్యక్రియల రోజు మనవాళ్లు నిన్ను కడిగి, పట్టుచీర కట్టి, గాయాలను పూలతో కప్పేశారు, ఏమీ జరగనట్టు. మన పక్కింటి రూత్ వాళ్ల యూదుల్లో పోయినవాళ్లకు చివరి స్నానం చేయిస్తుంది కదా. "హత్యకు గురైనవాళ్లను మాత్రం మేం కడగం," అంది నాతో. "ఆ బట్టల్లోనే, ఆ రక్తంతోనే సమాధి చేస్తాం. ఆ బట్టలే వాళ్ల తరఫు సాక్ష్యం."

ఈ సాయంత్రం రూత్, వాళ్ల ప్రార్థనామందిరం సినగాగ్‌కు వచ్చే ఆడవాళ్లు, నేను ఎర్ర హుడీలు తొడుక్కుని నువ్వు నడిచిన దారిలోనే నడిచాం. మంచు కమ్మేసింది. తలలు కప్పుకున్నాం కాబట్టి ఎవరెవరో తెలియలేదు. నా ముందున్నావిడ నడక అచ్చం నీదే. పిలవబోయి ఆగాను.

పక్క రోడ్డు మీద ఒక కారు నెమ్మదించింది. లలితగారు అద్దం దించి, "సునందా?" అన్నారు.

మేమందరం ఆగి ఆవిడ వైపు తిరిగాం.