పన్నెండో నంబరు సమాధి

నెల్లికుదురు, ఫిబ్రవరి 3

ప్రియమైన చెల్లె సంగీతకు,

ఫోన్ చేస్తే ఏడుపు తప్ప మాట రావడం లేదు. అందుకే రాస్తున్నాను. యుద్ధం చేస్తున్న ఆ రెండు దేశాలూ చనిపోయిన సైనికుల వివరాలు ఇచ్చిపుచ్చుకున్నాయట. అవతలి దేశం ఇచ్చిన జాబితాలో మీ బావ పేరుంది. నిన్న మహబూబాబాద్ కలెక్టరాఫీసుకు పిలిపించి చెప్పారు. "మాన్‌సింగ్‌ను వాళ్లే బొందపెట్టిన్రమ్మా. పన్నెండో నంబరు సమాధి" అన్నాడు సారు.

గోదాములో పని అని జనగామ ఏజెంటు మన ఇద్దరి మగవాళ్లనూ అందులో ఇవతలి దేశానికి పంపాడు. అక్కడ చేతికి తుపాకీ ఇచ్చారు. మా అత్త జమ్లీ నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. మీ ఆయన గణపతి ఫోన్ చేశాడా? ఇద్దరూ ఒకే చోట ఉన్నారు కదా.

నీ అక్క,
విజయ

మొగుళ్లపల్లి, ఫిబ్రవరి 9

ప్రియమైన విజయక్కకు,

నీ ఉత్తరం చదవగానే కలెక్టరాఫీసుకు పరుగెత్తాను. గణపతి ఫోన్ చేసి నెల దాటింది. జాబితాలో ఆయన పేరు లేదని భూపాలపల్లిలో చెప్పారు. నీకింత కష్టం వచ్చిన వేళ ఆ మాటకు ఊపిరి పీల్చుకున్నందుకు సిగ్గుగా ఉంది. గుర్తుపట్టడానికి ఫొటోలు ఉంటాయట, అడుగు. రమ్మంటే వస్తాను.

నీ చెల్లె,
సంగీత

నెల్లికుదురు, ఫిబ్రవరి 21

సంగీతా, నా తల్లీ,

ఈ ఉత్తరం పోస్టులో వేయను. నేనే తెచ్చి నీ చేతికిస్తాను. నోటితో చెప్పలేను.

ఫొటో వచ్చింది. ముఖం లేదు. ఒక చెయ్యి. "గిదేం భాషో వాళ్లకు తెల్వలేదట. జర చూడమ్మా" అన్నాడు సారు. ముంజేతి మీద పచ్చబొట్టు. తెలుగు అక్షరాలు. నీ పేరు.

ఒంటి మీద మీ బావ కోటు ఉందట. జేబులోని కాగితాలు చూసి ఆ పేరే రాశారట.

"మా ఆయన కాదు!" అని అరిచాను. ఆ అరుపులో సంతోషం ఉంది, చెల్లె. మరుక్షణం నీ పేరు మళ్లీ చదివాను.

నన్ను క్షమించు.

విజయ

మొగుళ్లపల్లి, మార్చి 18

అక్కా,

నువ్వు వచ్చి వెళ్లాక నీతో మాట్లాడలేకపోయాను. నిన్న భూపాలపల్లి వెళ్లి, ఆ సమాధి మీద గణపతి పేరు రాయమని సంతకం పెట్టాను. బావ అవతలివాళ్ల చెరలో బతికే ఉన్నాడని అక్కడే తెలిసింది. వారం కిందటే నీకు చెప్పారట. నాకు చెప్పడానికి నీకు నోరు రాలేదని అర్థమైంది.

చెరలో బావ చెప్పి రాయించిందంతా చదివి వినిపించారు. గణపతి జ్వరంతో వణుకుతుంటే తన కోటు తొడిగాడట. నీళ్లు తేవడానికి వెళ్లినప్పుడు బాంబు పడిందట. "సంగీతకు నా మొఖం ఎట్ల సూపియ్యాలె" అని ఏడ్చాడట.

విడిచిపెడితే ఆయన్ని దాక్కోనివ్వకు. గణపతి చివరికి ఏం మాట్లాడాడో తెలిసిన మనిషి ఆయనొక్కడే. ముందు మా ఇంటికే పంపు.

నీ చెల్లె,
సంగీత