అంబాసిడర్‌కు ఇంజెక్షన్ పెట్టే విషయమై

రాజోలు కాపురస్తుడు, కీర్తిశేషులు మోషే గారి కుమారుడు, డెబ్బై రెండేళ్ల కారు మెకానిక్ నేలపూడి ఏసుపాదం అనే నేను స్వహస్తంతో రాసుకున్న వీలునామా ఇది. ఎవరి ఒత్తిడీ లేదు. నిన్న షెడ్డులో ఒక వ్యాను గేరుబాక్సు విప్పి, ఒక్క బోల్టు మిగలకుండా బిగించాను. మతి స్థిమితానికి అంతకన్న రుజువు నా దగ్గర లేదు. ఇదివరకు ఏ వీలునామా రాయలేదు.

1. ఇల్లు, దాని వెనక స్థలం నా ఏకైక కుమార్తె స్టెల్లాకు చెందుతాయి. ఆమె అమలాపురంలో లెక్కల టీచరు.

2. షెడ్డు, పనిముట్లు నా చెల్లెలి కొడుకు క్రాంతికుమార్‌వి. రావులపాలెంలో అతను కంప్యూటరు తగిలించి బండి జబ్బు చెబుతాడు. వెటకారం చేసేవాణ్ణి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా అతనిదే.

3. ఇంజన్లు ఎత్తే చైన్ బ్లాక్‌ను 2009లో నా తమ్ముడు జోజి తీసుకెళ్లి, తిరిగి ఇచ్చేశానన్నాడు. ఇవ్వలేదు. అప్పటినుంచి మాటల్లేవు. అది అతనికే వదిలేస్తున్నాను. కింద ఆరో అంశం రాయవలసిన నేను ఇంకొకరిని అబద్ధాలకోరు అనలేను.

4. కీర్తిశేషురాలైన నా భార్య సువర్ణ పెద్దక్షరాల బైబిలు, కళ్లజోడుతో సహా, పక్కింటి సూర్యకాంతం గారికి ఇవ్వాలి. ఆవిడకు చదువు రాదు. సువర్ణ చదువుతుంటే వినేవారు. "పుస్తకం ఎదురుగా ఉంటే ఆవిడ ఉన్నట్టే ఉంటదండి" అన్నారు.

5. 1974 మోడల్ అంబాసిడర్ కారు స్టెల్లాది. దీని మీద స్టెల్లాకు, క్రాంతికి తగువు ఉంది కనుక వివరంగా రాస్తున్నాను. కార్బొరేటర్ తీసేసి, కంప్యూటరు లెక్కన ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ పెడతానని క్రాంతి మూడుసార్లు అడిగాడు. "మావయ్యగారండీ, ఇప్పటి పెట్రోలుకి పాత రబ్బర్లు ఉబ్బిపోతన్నాయండి. మీరు ఊఁ అనండి చాలు" అన్నాడు. నా చెవి ఉండగా దానికి కంప్యూటరు అక్కర్లేదన్నాను. సువర్ణ నవ్వి, "ఆయన చెవి నా మాటకి పనిచెయ్యదు గానీ, కార్బొరేటర్‌కి పనిచేస్తదిలే అబ్బాయ్" అంది. ఆమె పోయాక స్టెల్లా పట్టుపట్టింది: "అమ్మ కూర్చున్న బండి నాన్నా. ఒక్క నట్టు కూడా మార్చనివ్వను."

6. స్టెల్లాకు తెలియనిది. 2024 జూలై 18 ఉదయం సువర్ణకు గుండెనొప్పి వచ్చింది. సూర్యకాంతం గారు 108కి ఫోను చేస్తానంటే, నా బండి ఉండగా ఎందుకన్నాను. రాజమండ్రి ఆసుపత్రికి బయలుదేరాం. రావులపాలెం దాటి, జొన్నాడ చేరకముందే వంతెన మీద ఇంజన్ ఆగింది. కార్బొరేటర్‌లోకి పెట్రోలు వదిలే సూది పట్టేసింది. రెండు బస్సులు, ఒక టాక్సీ ఆగి, ఎక్కించుకుంటామని అడిగారు. ఐదు నిమిషాల పని అని పంపించేశాను. ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. "కంగారు పడకండి, నిదానంగా చూసుకోండి" అంది సువర్ణ. ఆసుపత్రి గేటు చేరేసరికి ఆమెకు మాట పడిపోయింది. ఆ రోజే కన్నుమూసింది. స్టెల్లాకు ట్రాఫిక్ అని చెప్పాను. ప్రతిరోజూ పద్దు రాసే నేను, ఆ రోజు పుస్తకంలో కూడా ట్రాఫిక్ అనే రాశాను. ఆ ఇరవై ఆరు నిమిషాల గురించి డాక్టరు గారిని అడగలేదు. ఇప్పటికీ ధైర్యం లేదు.

7. కనుక స్టెల్లా కారు ఉంచుకుంటే ఇంజెక్షన్ పెట్టే తీరాలి. అదీ ఎంతోకాలం పనిచేస్తుందని నేను నమ్మడం లేదు. దానికి పంపు ఒక బండిది, వైర్లు ఇంకో బండివి తెచ్చి అతికించాలి. కానీ కార్బొరేటర్‌ను సరిచేసే పని నేను ఎవరికీ నేర్పలేదు. స్క్రూ తిప్పేటప్పుడు సొంత మేనల్లుడికి కూడా కనపడకుండా అడ్డంగా నిలబడేవాణ్ణి. కార్బొరేటర్‌తో స్టెల్లా ఒక్క మైలు కూడా నడపకూడదు. కారే వద్దంటే ఇనుము కింద కోయించెయ్యాలి.

8. స్టెల్లా కారు తాళం ముట్టుకోకముందే క్రాంతి ఆరో అంశం ఆమెకు చదివి వినిపించాలి. చర్చి సమాధుల తోటలో సువర్ణ పక్కన నాకని జాగా అడిగి ఉంచాను. అందులో నన్ను పెట్టాలో లేదో, విన్న తర్వాత స్టెల్లా చెబుతుంది. వద్దంటే ఎవరూ ఆమెకు నచ్చజెప్పవద్దు.

రాజోలు, 2025 నవంబరు 3.

(సంతకం) నేలపూడి ఏసుపాదం

సాక్షులు, నా కోరిక మీద లోపలి సంగతులు చదవకుండా, నేను సంతకం చేయడం చూసి సంతకం చేసినవారు:
త్రిమూర్తులు, కొబ్బరి వర్తకుడు
సత్యప్రసాద్, రిటైర్డ్ పోస్టుమాస్టరు